పసిమాడుకు నూనె: ఎంత, ఎంతసేపు?

హైదరాబాద్‌లోని రహమత్ నగర్‌లో ఒక గది, రెండు గదుల అద్దె ఇళ్లే ఎక్కువ. జూబ్లీహిల్స్ బంగళాలు కూతవేటు దూరంలోనే ఉన్నా, ఇక్కడి బతుకు వేరు. ఇలాంటి ఇళ్లలో పసిబిడ్డ స్నానం ఇంటిల్లిపాదికీ పనే. పెద్దావిడ పీట మీద కూర్చుని కాళ్లు చాచి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, మాడుకు నూనె అద్ది, సున్నిపిండితో ఒళ్లు రుద్ది నీళ్లు పోస్తుంది. నెల దాటేసరికి ఆ మాడు మీద పసుపుపచ్చని జిడ్డు పెచ్చులు అట్ట కడితే వాదం మొదలవుతుంది. నూనె చాలలేదని అమ్మమ్మ అంటుంది. నూనె వల్లే వచ్చింది, ఇక మానేద్దామని కూతురు అంటుంది. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉండబట్టే ఈ వాదం ఒక పట్టాన తేలదు.

డాక్టర్లు క్రెడిల్ క్యాప్ అనే ఈ పెచ్చులు సాధారణంగా మూడు వారాల నుంచి మూడు నెలల వయసు మధ్య మొదలవుతాయి. కచ్చితమైన కారణం తేలకపోయినా, తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల ప్రభావంతో చర్మంలోని నూనె గ్రంథులు చురుగ్గా ఉండటం, ఆ జిడ్డు మీద బతికే మలసీజియా అనే శిలీంధ్రం పెరగటం ఇందులో పాత్ర వహిస్తాయని భావిస్తున్నారు. ఇది అంటుకునేది కాదు. తల్లి పాలలో దోషమూ కాదు, ఇంట్లో శుభ్రత లోపమూ కాదు. చాలామంది పిల్లల్లో కొన్ని నెలల్లో, ఎక్కువలో ఎక్కువ ఏడాదిలోపు దానంతటదే పోతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. తనంతట తాను తగ్గే దానికి ఏ వైద్యం చేసినా ఆ వైద్యమే పనిచేసినట్టు కనిపిస్తుంది. ఆముదం రాసిన ఇంట్లో ఆముదానికి, షాంపూ వాడిన ఇంట్లో షాంపూకి పేరొస్తుంది.

అయినా నూనె పక్షాన చెప్పవలసింది చాలానే ఉంది. గట్టిపడిన పెచ్చును నూనె మెత్తబరుస్తుంది. కాసేపు నాననిచ్చి మెత్తని బ్రష్‌తో దువ్వి కడిగేస్తే నొప్పి లేకుండా ఊడివస్తుంది. ఆధునిక వైద్యులూ ఇదే చెబుతారు. ఢాకాలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె రాసినప్పుడు ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. తెలంగాణ ప్రభుత్వం బాలింతల కోసం 2017 జూన్‌లో ప్రారంభించిన కేసీఆర్ కిట్‌లోనూ సబ్బు, పౌడరుతోపాటు పసిపిల్లల నూనె ఉండేది. పైగా మర్దనకు తనదైన విలువ ఉంది. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు ఒళ్లంతా మృదువుగా మర్దన చేయడాన్ని ఎదుగుదల కోసం పరిశీలించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలే అన్నాయి.

అయితే అవే మార్గదర్శకాలు నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతమైన బిడ్డకు చర్మ సమస్యలు రాకుండా రోజూ నూనెలు, క్రీములు పూయమని సిఫారసు చేయలేదు. బ్రిటన్‌లో 1,394 మంది శిశువులపై జరిగి 2020లో వెలువడిన పరీక్షలో, ఏడాదిపాటు రోజూ తేమ క్రీము పూసినా ఎగ్జిమా అనే చర్మవ్యాధి ఆగలేదు సరికదా, చర్మ ఇన్ఫెక్షన్లు కొంచెం ఎక్కువయ్యాయి. నూనెలన్నీ ఒకటి కూడా కావు. రహమత్ నగర్‌లో చాలా ముస్లిం కుటుంబాలు ఇష్టపడే జైతూన్ నూనె, అంటే ఆలివ్ నూనె, పెద్దవాళ్ల చేతుల మీద పరీక్షించినప్పుడు చర్మపు రక్షణ పొరను బలహీనపరిచిందని 2013లో ఒక అధ్యయనం తేల్చింది. మాంచెస్టర్‌లో 115 మంది నవజాత శిశువులను పరిశీలించినప్పుడు ఆలివ్, పొద్దుతిరుగుడు నూనెలు రెండూ చర్మానికి తేమనిచ్చినా, పొరలోని కొవ్వుల సహజమైన అమరిక కుదురుకోవడాన్ని ఆలస్యం చేశాయి. ఇంకో సంగతి కూడా ఉంది. రాసిన నూనెను కడగకుండా రోజంతా ఉంచితే అది పెచ్చును తలకే అంటించేస్తుంది, శిలీంధ్రానికీ ఆహారమవుతుంది. పెచ్చు దళసరయ్యేకొద్దీ నూనె చాలలేదనిపించి మరింత రాస్తాం.

అలాంటప్పుడు నూనె పూర్తిగా మానేయడమే మేలనిపించవచ్చు. ఆ వాదనకూ బలం ఉంది. క్రెడిల్ క్యాప్ చికిత్సలపై 2019లో వచ్చిన, పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సమీక్షకు దొరికినవి ఆరు చిన్న పరీక్షలు, మూడు వందల పైచిలుకు పిల్లలు మాత్రమే. ఏ మందు మేలో గట్టిగా చెప్పడానికి ఆ ఆధారాలు చాలలేదు. తేలికపాటి షాంపూతో కడుగుతూ ఓపిక పట్టడం నిస్సందేహంగా నిరపాయకరమైన దారి.

కానీ నూనె మానిన ఇల్లు చేతులు ముడుచుకుని కూర్చోదు. బంధువులు వచ్చి బిడ్డ తల చూసి తలో మాట అంటుంటే ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. అప్పుడు అడుగులు మెడికల్ షాపు వైపు పడతాయి. బలమైన స్టిరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపిన ట్యూబులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో నిబంధన బిగించినా, ఆ అలవాటు పూర్తిగా పోలేదు. పసిబిడ్డ చర్మం పలచన కాబట్టి మందును త్వరగా పీల్చుకుంటుంది. కొబ్బరినూనె కన్నా ఆ ట్యూబు వల్ల కలిగే హాని ఎన్నో రెట్లు ఎక్కువ. రెండో నష్టం కంటికి కనిపించదు. అమ్మమ్మ చేతిలోంచి నూనెగిన్నె తీసేసుకుంటే, బాలింతకు రోజులో దొరికే ఆ కాస్త విశ్రాంతీ పోవచ్చు.

ఒళ్లు పొడిబారడం వేరే సంగతి. పుట్టిన తొలి వారాల్లో చర్మం పొట్టులా రాలడం సహజం. తర్వాత కూడా చలికాలంలో పొడిగానే ఉంటే ముందు స్నానాన్ని, దానికి వాడే నీళ్లను చూడాలి. నెలకు ఇరవై వేల లీటర్ల ఉచిత మంచినీటి పథకం 2021 జనవరిలో మొదలైంది ఈ రహమత్ నగర్‌లోనే. అయితే నల్లా రాని వేళ బోరు నీళ్లే దిక్కు. ఆ కఠిన జలంలో సబ్బు ఎక్కువ పడుతుంది, ఒంటి మీద మిగిలిపోతుంది. బాగా వేడినీళ్లు, ఎక్కువసేపు స్నానం, సున్నిపిండి రాపిడి కలిస్తే ఉన్న తేమ కూడా పోతుంది. సున్నిపిండి మీద పెద్దల నమ్మకాన్ని తీసిపారేయనక్కర్లేదు. పెద్దల ఒంటికి అది మంచి నలుగే కావచ్చు. పసిచర్మానికి మాత్రం ఆ గరుకు ఎక్కువ. నూనె జిడ్డు వదిలించడానికే పిండి వాడుతున్నామంటే, నూనె తగ్గితే పిండి అవసరమూ తగ్గుతుంది.

కాబట్టి మధ్యేమార్గం ఇలా ఉండవచ్చు. మర్దన మానక్కర్లేదు, నూనె మోతాదు తగ్గిస్తే చాలు. అట్ట కట్టిన చోట స్నానానికి పదిహేను, ఇరవై నిమిషాల ముందు కొద్దిగా కొబ్బరినూనె లేదా మినరల్ ఆయిల్ అద్ది, మెత్తని బ్రష్‌తో తేలిగ్గా దువ్వి, పసిపిల్లల షాంపూతో శుభ్రంగా కడిగేయాలి. గోటితో గిల్లకూడదు, ఊడిరాని పెచ్చును లాగకూడదు. ఒళ్లు పొడిగా ఉంటే గోరువెచ్చని నీళ్లతో స్నానం త్వరగా ముగించి, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని తేమ క్రీమో, వాజెలినో పలచగా రాస్తే చాలు.

ఈ మార్గానికీ హద్దుంది. మెడ, చంకల మడతల్లోకి పాకినా, రసి కారినా, వాసన వచ్చినా, బిడ్డ దురదతో నిద్రపోకపోయినా, ఏడాది దాటినా బస్తీ దవాఖానాలోనో పిల్లల డాక్టరుకో చూపించాలి. నెలల బిడ్డకు జ్వరం కూడా ఉంటే ఒక్కపూట కూడా ఆగకూడదు. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు స్పష్టంగా కనిపించదు, నల్లబడినట్టు ఉంటుంది. పెచ్చులు పోయాక తెల్లని మచ్చలు మిగలవచ్చు. అవి బొల్లి కాదు, నెమ్మదిగా రంగు కలిసిపోతుంది.

అమ్మమ్మలకు ఒక మనవి: నూనె రాయండి, కడిగేయండి. కూతుళ్లకు ఒక మనవి: నూనె తగ్గించమని అడగండి, ఆ చేతులను మాత్రం వద్దనకండి. ఇద్దరికీ కలిపి ఒక్క మాట: చీటీ లేని ట్యూబును ఇంట్లోకి రానీయకండి. పెచ్చులు చాలామటుకు వాటంతటవే పోతాయి. ఈలోగా మన తొందర ఆ పసిమాడు మీద గాయం కాకుండా చూసుకుంటే చాలు.