పాస్‌పోర్టు ఎవరి జేబులో?

యూరప్ టూర్లకెళ్ళే మన ఆడవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పులిహోర పొడి, కారప్పొడి, ఆయనగారి బీపీ మాత్రలు అన్నీ ఈవిడ సంచిలోనే. ఈవిడ పాస్‌పోర్టు మాత్రం ఆయన జేబులో! "నీకెందుకే, పారేస్తావ్" అంటారట. బీరువా తాళాలు ముప్పై ఏళ్ళుగా పారెయ్యనివాళ్ళం, ముప్పై ఆరు పేజీల పుస్తకం పారేస్తామా?

పారిస్‌లో మోనాలిసా ముందు ఆ జనంలో ఆయన జేబు కత్తిరించారనుకోండి, రెండు పాస్‌పోర్టులూ, వాటిలోని వీసాలూ ఒక్కసారే గోవిందా! పోలీసు రిపోర్టు పట్టుకుని మన ఎంబసీకి పరిగెత్తాలి. వాళ్ళిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు ఇండియాకి తిరిగి రావడానికే. స్విట్జర్లాండు మంచుకొండలు ఇక క్యాలెండర్లోనే.

గైడున్నాడుగా అంటారా? జెండా పట్టుకున్న ఆ అబ్బాయి నలభై తలలు లెక్కపెట్టుకోవాలి, పాపం.

వదినగార్లూ, మీ పాస్‌పోర్టు మీరే అడిగి పుచ్చుకోండి. జిరాక్సు పెట్టెలో, హోటలు కార్డూ కాసిని యూరోలూ మీ పర్సులో. ఆయన అలిగితే విమానం దిగేలోపు సర్దుకుంటారు లెండి.