పెరుగుదలకు బాకీపడ్డ కంపెనీలు

ఆరాంఘర్ చౌరస్తాలో నిలబడితే హైదరాబాదు ఎటు పెరుగుతోందో పటం అక్కరలేకుండానే తెలిసిపోతుంది. జూపార్కు వైపునుంచి వచ్చే దారీ, మెహదీపట్నం నుంచి అత్తాపూర్ మీదుగా వచ్చే దారీ ఇక్కడ కలిసి శంషాబాదు వైపు సాగిపోతాయి. 2008 మార్చిలో విమానాశ్రయం వచ్చింది. 2009 అక్టోబరులో పదకొండున్నర కిలోమీటర్ల పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. 2025 జనవరిలో జూపార్కునుంచి ఇక్కడిదాకా మరో ఫ్లైఓవరు తెరిచారు. ఇన్ని వచ్చినా సాయంత్రం ఆరింటికి ఈ చౌరస్తా దాటడానికి నాకు పట్టే సమయం మాత్రం తగ్గినట్టు తోచదు. అది వేరే టపాకు సరిపడా సరుకు.

శంషాబాదు అవతల మా బావమరిదికి పిత్రార్జితంగా అరెకరం ఉండేది. నిరుడు అమ్మేశాడు. వచ్చిన డబ్బు బ్యాంకులో వేసి, పోయిన నెల మా ఇంటికి వచ్చాడు.

"బావా, అమెరికాలోని పెద్ద పెద్ద టెక్నాలజీ కంపెనీలన్నీ కలిపి ఫండు ఉంటుందట గదా. మొత్తం అందులో పెట్టేద్దామనుకుంటున్నాను. గూగులు, మైక్రోసాఫ్టు, అమెజాను... ఇవేమైనా మూతపడే కంపెనీలా?" అన్నాడు.

కావు. రేపటికి రేపు మూతపడవు. కానీ మూతపడకుండా ఉండటం వేరు, షేరు కొన్నవాడు ఆశించిన వేగంతో ఏటేటా పెరుగుతూ ఉండటం వేరు. ఈ తేడా అతనికి చెప్పబోయి సరిగా చెప్పలేకపోయాను. నాలుగేళ్లలో కూతురి పైచదువుకు కావలసిన డబ్బు అది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందుగా మైక్రోసాఫ్టునే తీసుకుందాం. 1999 డిసెంబరు చివరలో దాని షేరు అప్పటికి అత్యధికమైన ధరకు చేరింది. ఆ రోజు కొన్నవాడు తన కొనుగోలు ధరను మళ్లీ కళ్ల చూసింది 2016 అక్టోబరులో. మధ్యలో దాదాపు పదిహేడేళ్లు! ఆ కాలంలో కంపెనీ చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2000 జూన్‌తో ముగిసిన ఏడాదిలో 2,300 కోట్ల డాలర్లున్న ఆదాయం 2016 నాటికి 8,500 కోట్ల డాలర్లయింది. డివిడెండ్లు కూడా ఇచ్చింది. వ్యాపారం మూడున్నర రెట్లకు పైగా పెరిగినా షేరు కదలలేదంటే, ఆ పెరుగుదలకంతటికీ 1999లోనే ధర కట్టి అమ్మేశారన్నమాట. చెట్టు నాటిన రోజే నలభై కాపుల డబ్బు ఇచ్చి తోట కొన్నవాడి పరిస్థితి అది. కాపు బాగానే వచ్చింది, కొన్నవాడికి మాత్రం ఏమీ మిగల్లేదు.

(ఆ రోజుల్లోనే ఒక సహోద్యోగి మాట నమ్మి నేనూ ఒక సాఫ్ట్‌వేరు కంపెనీ షేర్లు కొన్నాను. పేరెందుకు లెండి. ఆ కాగితాలు ఇప్పటికీ బీరువాలో భద్రంగా ఉన్నాయి, వాటి విలువ మాత్రం లేదు.)

ఇక లెక్క సంగతి. ఇవాళ అమెరికాలో నాలుగు లక్షల కోట్ల డాలర్ల విలువను తాకిన కంపెనీలున్నాయి. సుమారుగా మన దేశపు ఏడాది ఉత్పత్తి అంత. అలాంటిది ఏటా 20 శాతం చొప్పున పదమూడేళ్లు పెరిగితే పదిరెట్లు దాటుతుంది. అంటే నలభై లక్షల కోట్ల పైచిలుకు. అమెరికా దేశపు ఏడాది ఉత్పత్తే ఇప్పుడు ముప్పై లక్షల కోట్ల ప్రాంతంలో ఉంది. తోట విలువను ఏటి పంటతో పోల్చకూడదని నాకూ తెలుసు. అయినా ఎక్కడో ఒకచోట కొలత అడ్డుపడక తప్పదని చెప్పడానికి ఈ పోలిక చాలు.

అయితే ఇదే లెక్క చెప్పి నేను ఒకసారి తప్పాను. 2018 ఆగస్టులో యాపిల్ లక్ష కోట్ల డాలర్ల విలువకు చేరినప్పుడు ఇక ఇంతకంటె ఎక్కడికి పోతుంది అనుకున్నవాళ్లలో నేనొకణ్ణి. 2025 అక్టోబరులో ఎన్విడియా అయిదు లక్షల కోట్లు దాటింది. మైక్రోసాఫ్టు కూడా 2016 తరవాత ఎన్నో రెట్లు పెరిగింది. కాబట్టి హద్దు ఉందని చెప్పగలను గానీ, ఎక్కడ ఉందో చెప్పే జ్యోతిష్యం నా దగ్గర లేదు.

హద్దు దగ్గరపడుతున్నప్పుడు కంపెనీని నడిపేవాళ్లు ఏం చేస్తారన్నది నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. దీనికి మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది. సత్యం కంప్యూటర్స్.

1987లో మొదలైన ఆ కంపెనీ 2008 నాటికి దేశంలో నాలుగో పెద్ద సాఫ్ట్‌వేరు సంస్థ. యాభై వేలకు పైగా ఉద్యోగులు, న్యూయార్కు మార్కెట్లో నమోదు, ఆ ఏడాదే కంపెనీని చక్కగా పాలిస్తున్నందుకు గోల్డెన్ పీకాక్ పురస్కారం. 2009 జనవరి 7న అధ్యక్షుడు రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ బయటికి వచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవన్నారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల దగ్గర ఆగింది.

ఆ లేఖను అందరూ 5,040 కోట్ల కోసం గుర్తుపెట్టుకున్నారు. నాకు గుర్తుండిపోయినవి మరో రెండు అంకెలు. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో చూపిన ఆదాయం 2,700 కోట్లు. అసలు వచ్చింది 2,112 కోట్లు. చూపిన లాభం ఆదాయంలో 24 శాతం. నిజంగా ఉన్నది 3 శాతం. అంటే మూడు నెలల్లో రెండు వేల కోట్ల పైచిలుకు నిజమైన పని జరుగుతోంది, నిజమైన ఖాతాదారులు నిజమైన డబ్బు చెల్లిస్తున్నారు. అబద్ధమల్లా పెరుగుదలలోనూ లాభంలోనూ ఉంది. మొదట కొద్దిపాటి తేడాగా మొదలై, ఏటేటా పెరిగి, పూడ్చలేనంత అయిందని ఆ లేఖలోనే ఉంది. స్థాపకుల వాటా తక్కువ కాబట్టి, లాభాలు తగ్గినట్టు కనబడితే కంపెనీని మరెవరైనా చేజిక్కించుకుంటారన్న భయం కూడా అందులో ఉంది. ఒక త్రైమాసికంలో "ఈసారి పెరగలేదు" అని ఒప్పుకుంటే పోయేది కొంత ధర. ఒప్పుకోకపోతే ఆ ఎక్కువ చూపినదానిమీద మళ్లీ పెరుగుదల చూపాలి. వడ్డీమీద వడ్డీ లాంటిదే ఇది, కాకపోతే అప్పు అబద్ధానిది.

చివరికి దిక్కుతోచక భూమివైపు చూశారు. 2008 డిసెంబరు 16న 160 కోట్ల డాలర్లతో కుటుంబ సంస్థలైన మేటాస్‌లను కొంటామన్నారు. సత్యం పేరును ఇంగ్లీషులో తిరగేస్తే మేటాస్. లేని నగదు స్థానంలో ఉన్న ఆస్తులు తెచ్చిపెట్టాలని ఆలోచన. మదుపరులు గొడవచేస్తే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. ఆ తరవాతి కథ తెలిసిందే. 2009 ఏప్రిల్లో టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. 2015 ఏప్రిల్లో రామలింగరాజుకు, మరి కొందరికి ప్రత్యేక న్యాయస్థానం ఏడేళ్ల శిక్ష వేసింది.

ఇప్పటి అమెరికా కంపెనీలు అలాంటివని నేను అనడం లేదు, ఆ పోలిక అన్యాయం. వాటికి వచ్చే డబ్బు నిజంగానే వస్తోంది. కానీ వాటి చూపు కూడా భూమివైపు మళ్లడం గమనించండి. సాఫ్ట్‌వేరు వ్యాపారపు గొప్పతనమంతా ఒకసారి రాసినదాన్ని ఖర్చులేకుండా కోటిమందికి అమ్మగలగడంలో ఉండేది. పొలం అక్కర్లేదు, నీళ్లక్కర్లేదు. కృత్రిమ మేధ వచ్చాక అది తలకిందులైంది. 2025 జూన్‌తో ముగిసే ఏడాదిలో డేటా కేంద్రాలమీద 8,000 కోట్ల డాలర్లు పెడతామని మైక్రోసాఫ్టు చెప్పింది. మన చుట్టుపక్కలే చూడండి. అమెజాను 2020 నవంబరులో 20,761 కోట్ల రూపాయలతో డేటా కేంద్రాలు ప్రకటించి 2022 నవంబరులో మొదలుపెట్టింది. మైక్రోసాఫ్టు 2022 మార్చిలో తనదీ ప్రకటించింది. శంషాబాదు దాటి చందనవెల్లి వైపు వెళ్తే ఆ గోడలు కనిపిస్తాయి. 2025 అక్టోబరులో గూగులు విశాఖకు 1,500 కోట్ల డాలర్లన్నది. భూమి, కరెంటు, నీళ్లు, కొన్నేళ్లకే పాతబడే యంత్రాలు. ఒకప్పటి ఉక్కు, సిమెంటు కంపెనీలకు ఉండే తలనొప్పులే ఇవన్నీ. ఉక్కు కంపెనీ షేరుకు ఎవరూ సాఫ్ట్‌వేరు ధర ఇవ్వరు గదా!

ఆ యంత్రాలు ఎన్నేళ్లు పనిచేస్తాయన్నదానిమీద ఆ కంపెనీలకే ఏకాభిప్రాయం లేదు. 2025 మొదట్లో మెటా తన సర్వర్ల ఆయుష్షును అయిదున్నర ఏళ్లకు పెంచి లెక్కవేసింది. దానివల్ల ఆ ఏడాది తరుగుదల ఖర్చు 290 కోట్ల డాలర్లు తగ్గుతుందని చెప్పుకుంది. అదే సమయంలో అమెజాను కొన్ని సర్వర్ల ఆయుష్షును ఆరేళ్లనుంచి అయిదుకు తగ్గించింది. రెండూ బహిరంగంగా చెప్పిన, చట్టబద్ధమైన లెక్కలే. అయినా లాభం పెరిగిందా లేదా అన్నది ఇలాంటి అంచనా మీద కొంత ఆధారపడుతోందంటే, కొనేవాడు ఆ పేజీ కూడా చదవాలి. ఎంతమంది చదువుతారు?

పెరగనిదాన్ని ఇవి ఏం చేస్తాయో మన తరం బ్లాగరులకు వేరే చెప్పాలా? 2013 జులైలో గూగుల్ రీడరు పోయింది, 2014 సెప్టెంబరులో ఆర్కుట్ పోయింది. మనకు అవి చక్కగానే పనిచేస్తుండేవి.

మా బావమరిదికి మొన్న ఫోనుచేసి చెప్పాను. ఆ కంపెనీలు ఇరవై ఏళ్ల తరవాత కూడా లాభాలు గడిస్తూ ఉండవచ్చునని, కానీ నీ కూతురి ఫీజు కట్టవలసింది నాలుగేళ్లలోనని. ఫీజుకు సరిపడా డబ్బు బ్యాంకులోనే ఉంచి, మిగిలినదాంట్లో మూడోవంతు మించకుండా, అదీ ఒక్కసారిగా కాక నెలనెలా పెట్టమన్నాను. "పక్కింటాయనకు పోయిన ఏడాది ఎంత వచ్చిందో తెలుసా బావా?" అన్నాడు. తెలియదన్నాను. చెప్పాడు. నిజంగానే చాలా వచ్చింది. ఆదివారం వస్తానన్నాడు, కాగితాలు తీసుకుని.