చెవికి చిక్కిన పిట్ట

మధురవాడలో తెల్లవాఱుజామున, జాతీయ రహదారిపై లారీల రొద పుంజుకొనక మునుపు, కంబాలకొండ వైపునుండి పక్షుల కూతలు ఒక్క అరగంటసేపు తేటగా వినవచ్చును. ముంగిటనే యున్న ఆ పాఠశాలకు మనమెవ్వరమును పోకుంటిమిగదా యని నా బాధ.

కోకిలమ్మ పాడినదనుట మన వాడుక. కాని వసంతమున స్వరమును మెట్టుమెట్టుగా హెచ్చించుచు కూయునది నల్లని మగకోకిల; ఒడలెల్ల చుక్కలుగల ఆడుది కిక్‌కిక్‌మని తొందరతొందరగా అరచును. ఆ అరపు వేఱొక పిట్టదని నేను చాలకాలము భ్రమించితిని. ఒకనాడు మా వీధి వేపచెట్టుమీదినుండి అది, కాకి తఱుముచుండగా, అట్లే అరచుచు ఎగిరిపోవుటను కన్నులార చూచిన పిదపనే నా భ్రమ తొలగెను.

మఱ్ఱిపండ్లకు చేరు కంసాలిపిట్ట మఱింత గడుసుది. ముక్కు మూసియే, గొంతు ఉబ్బించి, రాగిరేకుపై సుత్తిదెబ్బల వలె టుక్ టుక్‌మని ఎడతెగక మ్రోగించుచు, తల అటునిటు త్రిప్పుటచే ధ్వని ఒకమాఱు కుడినుండియు ఒకమాఱు ఎడమనుండియు వచ్చినట్లు తోపించును. కావున దానిని వెదకువాడు దిక్కును నమ్మక లయను నమ్మవలెను.

పక్షులకు పేర్లు పెట్టినది పెక్కుచోట్ల చెవియే. 2014 అక్టోబరు 12న మన నగరమును అల్లకల్లోలము చేసిన హుద్‌హుద్ తుపానుకు ఒమాన్ దేశము సూచించిన ఆ పేరు, అరబ్బీలో ఒక జుట్టుపిట్టది. ఆంగ్లేయులు హూపో అన్నను, లాటినువారు ఉపుపా అన్నను, అందఱును అనుకరించినది దాని మెత్తని కూతనే.

వినుటవలన పక్షికి మేలేమి యందురా? 1848లో జెర్డన్ దొర శాస్త్రలోకమునకు ఎఱిగించిన కలివికోడి, 1900 తరువాత ఎవరికిని కానరాక, అంతరించెనని తలంపబడి, 1986 జనవరిలో కడప జిల్లాలో మఱల దొరకెను. రాత్రివేళ పొదలమాటున సంచరించు ఆ పక్షిని కంట చూచుట దుర్లభమగుటచే, దాని కూతను ధ్వనిముద్రణము చేసి, సందెచీకటిలో దానినే వినిపించి, బదులు కూతకై చెవి యొగ్గి వేచియుండుట అన్వేషకులకు ముఖ్యసాధనమయ్యెను. కనబడని పక్షి ఉనికికి కూతయే సాక్ష్యము.

నేడు మెర్లిన్ వంటి యాప్ కూతను విని క్షణములో పేరు చెప్పుచున్నది. దానిని నేను నిరసింపను. కాని ముందు మనము విని, ఊహించి, పిదప దానిని అడుగుట మేలు, ఏలయన పేరు ఫోనులో నిలిచినను కూత మన చెవిలో నిలువదు. వారమునకొక్క కూతను పట్టుకొని, ఆ పిట్టను చూచువఱకు విడువక వెదకుడు, పిల్లలను వెంటబెట్టుకొనుడు. ఏడాదికి ఏబది కూతలు తెలిసిన పిల్లవాడు, వచ్చు వసంతమున వానిలో ఒకటి వినరాకున్నచో, ఎందులకని తప్పక అడుగును. ఆ ప్రశ్న అడుగువారు మన యూరికి కావలెను.

— మధురవాడవాసి