మన ఇల్లు – మన పిల్లలు: వా పెడల్ కొనబోయే ముందు

"అన్నయ్యగారూ, మావాడు పుట్టినరోజుకి క్రై బేబీ కావాలంటున్నాడు. పదిహేనేళ్ళవాడికి ఏడ్చే పాప బొమ్మ ఎందుకండీ?" అని ఒక సోదరి ఫోనులో అడిగారు. అది బొమ్మ కాదమ్మా, ఎలక్ట్రిక్ గిటారుకి తగిలించే వా పెడల్ అని చెప్పాం. "అయితే ఇంకా గోల పెరుగుతుందన్న మాట!" అని నిట్టూర్చారు. ఇటువంటి ప్రశ్న మరి రెండు మూడు ఇళ్ళ నుంచి కూడా వచ్చింది కనుక ఈ నెల శీర్షిక దానికే కేటాయిస్తున్నాం. గుంటూరులో వైద్యం చదివే రోజుల్లో గిటారు వాయించి హాస్టల్లో పక్క గదుల వారి చేత చీవాట్లు తిన్నవాళ్ళం, ఆ మాత్రం చెప్పే అర్హత మాకుందనుకుంటాం.

ముందు అది చేసే పని ఏమిటో చూద్దాం. నోటితో 'ఊ' అని మొదలుపెట్టి, ఆపకుండా 'ఆ' లోకి రండి. శ్రుతి మారలేదు. మారిందల్లా పెదవుల, నాలుక ఆకారమే. గొంతులో పుట్టిన నాదంలో కొన్ని పాళ్ళను నోరు పైకెత్తుతుంది, కొన్నిటిని అణచివేస్తుంది. మన కచేరీల్లో మోర్సింగు విద్వాంసుడు నోటిని పెద్దదీ చిన్నదీ చేసి పలికించేది ఈ సూత్రం మీదే. వా పెడల్ ఆ పనిని కాలికింద చేస్తుంది. మడమ నొక్కితే సుమారు 400 హెర్ట్జ్ ప్రాంతం, వేళ్ళవైపు నొక్కితే సుమారు 2000 హెర్ట్జ్ ప్రాంతం పైకి లేస్తుంది. కాలు అటూ ఇటూ కదిలితే తీగ 'వా' అని పలుకుతుంది.

ఇది పుట్టింది 1966లో, కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గన్ కంపెనీలో. బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజనీరు యాంప్లిఫయరులోని ఒక స్విచ్చికి బదులు తిప్పుడు బిరడా పెట్టి చూస్తుండగా ఈ ధ్వని బయటపడింది. దాన్ని ఆర్గన్ తాలూకు వాల్యూమ్ పెడల్ డొక్కులో బిగించారు. ట్రంపెట్ గొట్టానికి మూత అడ్డుపెట్టి తీస్తూ వేస్తూ వాయించే క్లైడ్ మెకాయ్ పేరుతో 1967లో అమ్మారు. 1968లో జిమీ హెండ్రిక్స్ 'వూడూ చైల్డ్'తో గిటారు వాళ్ళందరికీ అది కావలసిన వస్తువైపోయింది.

ఇక ఎంపిక. ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

మొదటిది మామూలు రకం. డన్‌లప్ వారి క్రై బేబీ, వాక్స్ వారి వి847 ఈ కోవవి. లోపల పళ్ళ చక్రం ఒక పొటెన్షియోమీటరును తిప్పుతుంది. కొన్నేళ్ళకు అది అరిగి గరగరమంటుంది, కాని మార్చుకోవచ్చు. వేళ్ళవైపు గట్టిగా నొక్కితే స్విచ్చి పడుతుంది. మామూలు క్రై బేబీకి దీపం ఉండదు, పని చేస్తోందో లేదో చెవితోనే తెలుసుకోవాలి.

రెండవది మోర్లీ వారి రకం. ఇందులో అరిగే భాగానికి బదులు వెలుతురు పనిచేస్తుంది కనుక గరగర బాధ లేదు. కొన్నిటికి స్ప్రింగు ఉంటుంది, కాలు పెడితే మొదలు, తీస్తే బంద్. కొత్తవాళ్ళకు ఇది సుళువు.

మూడవది డన్‌లప్ 535క్యూ వంటిది. ధ్వని ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో, ఎంత పదునుగా ఉండాలో బిరడాలతో మార్చుకోవచ్చు. చెవి కుదిరిన వాళ్ళకు ఇది వరం. మొదటిసారి కొనేవాళ్ళు మాత్రం వాయించడం మాని బిరడాలు తిప్పుతూ కూర్చుంటారు.

మా సలహా ఒక్కటే: పేరు చూసి కొనకండి, అబ్బాయి గిటారునే దుకాణానికి పట్టుకెళ్ళండి. ఒకే పెడల్ ఒక గిటారుతో మాట్లాడుతుంది, మరొక దానితో ముక్కుతో మూలుగుతుంది. ఒక్క తీగ మీటి, మడమ నుంచి వేళ్ళ దాకా నెమ్మదిగా నొక్కమనండి. మార్పు దారి పొడుగునా సమంగా రావాలి, చివరి అరంగుళంలోనే అంతా జరిగిపోతే అది వద్దు. మన ఇళ్ళల్లో చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తాం, స్టేజి మీద బూట్లు వేసుకుంటారు. అందుచేత దుకాణంలో రెండు విధాలా నొక్కి చూడాలి.

అడాప్టరు 9 వోల్టులది, పెడల్ మీద రాసిన ధన, రుణ గుర్తులకు సరిపోయేదే వాడాలి. బ్యాటరీతో వాడితే, వాయించడం అయ్యాక గిటారు వైరు ఊడదీయాలి. లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.

ఇప్పుడు డాక్టరుగా ఒక మాట. వేళ్ళవైపు నొక్కినప్పుడు లేచే ధ్వని, మన చెవి చాలా సున్నితంగా గ్రహించే ప్రాంతానికి చేరువలో ఉంటుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దం రోజుకు 8 గంటల వరకు ఫరవాలేదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ వ్యవధి సగానికి తగ్గుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. లోపలి చెవిలోని రోమ కణాలు చచ్చిపోతే మనిషికి తిరిగి మొలవవు. కనుక పెడల్‌తో పాటు చెవిలో పెట్టుకునే ప్లగ్గులు కూడా కొనండి. ఇంట్లో యాంప్లిఫయరు వాల్యూమ్ ఎంతుండాలో ముందే ఒప్పందం చేసుకోండి. వద్దని కేకలు వేయడం కన్నా ఈ లెక్క చెబితే పిల్లలు త్వరగా వింటారు.

అసలు మా మనసులో మాట ఇంకొకటుంది. ఎనిమిదేళ్ళప్పుడు మన సభల్లో పద్యాలు చదివి, కూచిపూడి ఆడిన పిల్లలు పదిహేనేళ్ళు వచ్చేసరికి కనిపించరు. ఎక్కడున్నారంటే, తలుపు వేసుకుని గిటారు వాయించుకుంటున్నారు. "మన సంగీతం కాదు గదా" అనే పెద్దలకు ఒక మనవి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కరెంటు వాద్యం మీదే కర్ణాటక సంగీతం వినిపించి, 1998లో పద్మశ్రీ అందుకున్నారు. తీగ ఎక్కడిదైతేనేం, పలికించేది మన పిల్లలే గదా!

కాబట్టి దుకాణానికి డబ్బిచ్చి పంపకండి, వెంట వెళ్ళండి. రెండు పెడల్స్ వాయించమని, ఏది బాగుందో మీరూ చెప్పండి. "నాన్నకేం తెలుసు" అని మొదట నవ్వుతారు, రెండోసారి మీ మొహం వైపు చూస్తారు. వచ్చే ఉగాది కార్యక్రమంలో ఈ పిల్లలకు పది నిమిషాలు కేటాయించవలసిందిగా కార్యవర్గాన్ని కూడా కోరుతున్నాం. ముందు వరసలో మేం కూర్చుంటాం, ప్లగ్గులు జేబులో పెట్టుకుని.