కౌజు తగ్గడానికి వర్షాభావమొక్కటే కారణమా?

మెట్ట పొలాల్లో కౌజులు, పూరేళ్ళు తగ్గిపోయాయన్న మాట వచ్చినప్పుడల్లా మనం వర్షాభావాన్ని కారణంగా చూపుతున్నాం. (పెంపకందారులు నేడు కౌజు పేరుతో అమ్ముతున్నది జపాను పూరేడు, ఇక్కడి ప్రస్తావన చేలగట్ల వెంట స్వేచ్ఛగా తిరిగే బూడిదరంగు కౌజు గురించి.) వాన లేని ఏడు గడ్డి, కీటకాలు తగ్గి పిల్లలు తక్కువగా బతుకుతాయన్నది నిజమే. అయితే ఈ పక్షి కరవు నేలలకు కొత్తది కాదు. నేలమీద పొదల చాటున సాధారణంగా 4 నుంచి 8 గుడ్లు పెట్టే కౌజు, ఒక మంచి వానకాలం వస్తే పాత నష్టాన్ని చాలావరకు పూడ్చుకోగలదు. అందుకు పొద మిగిలి ఉండాలి.

వాతావరణ ప్రభావాన్నీ, ఆవాస నష్టాన్నీ విడదీసి చూడడానికి ఇంగ్లండులోని ససెక్స్ అనుభవం ఉపకరిస్తుంది. అక్కడి ధాన్యపు పొలాల్లో, కౌజు కుటుంబానికే చెందిన గ్రే పార్ట్రిడ్జ్‌పై డిక్ పాట్స్ 1968లో ప్రారంభించిన పరిశీలన దశాబ్దాలపాటు సాగింది. పొదిగిన తర్వాత తొలి రెండు వారాలు పిల్లలకు కీటకాలే ప్రధానాహారం. జూన్‌లో చలి, వాన ఎక్కువైతే పిల్లలు చనిపోవడం మునుపూ ఉన్నదే. కలుపు మందుల వాడకం పెరిగాక కలుపుతోపాటు దానిపై బతికే కీటకాలూ పోయాయి. పిల్లల మనుగడ పడిపోయింది. చేను అంచున సుమారు 6 మీటర్ల మేర మందుల వాడకాన్ని తగ్గించినప్పుడు ఎక్కువ పిల్లలు బతికాయి. తర్వాత పొలాల నడుమ మట్టి పోసి, గడ్డి పెంచి బీటిల్ బ్యాంకులు కట్టారు.

వాళ్ళు ఖర్చుపెట్టి కట్టుకున్నవాటి వంటివే మనకు తాతలనాటి గట్లు. ట్రాక్టరు తిరగడానికి వాటిని చదును చేస్తున్నాం, మిగిలినవాటిపై మందు చల్లుతున్నాం. పొలం అవతలి పొదల నేలకు 'బంజరు' అని పేరు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం రూపొందించే బంజరు భూముల అట్లాసులోనూ అటువంటి నేల చోటుచేసుకుంటుంది. ఆ ముద్ర పడ్డ నేలలో సౌర ఫలకాలు వెలిస్తే ఏదో పోయిందని ఎవరికీ తోచదు.

గట్టుమీది గడ్డిలో ఎలుకలు చేరతాయని, కలుపు విత్తనం చేలోకి వస్తుందని రైతు అభ్యంతరం. అది తోసిపుచ్చదగినది కాదు. కూలీల కొరతే అతణ్ణి మందువైపు నెట్టిందన్నదీ మరువరాదు. కాబట్టి మొత్తం గట్టును వదిలేయమని సలహా ఇవ్వలేం. వయ్యారిభామను పూతకు ముందే పీకి, తంగేడు, రేగు పొదలనూ గడ్డి దుబ్బులనూ ఉంచమని చెప్పగలం. మన కలుపు యాజమాన్య సిఫారసులు చేనుకూ గట్టుకూ వేర్వేరుగా ఉండాలన్నది నా అభిప్రాయం.

ఇందుకు మన వద్ద లెక్కలు కావాలి. కౌజు తెల్లవారుజామున బిగ్గరగా కూస్తుంది. దానిని లెక్కించడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో పల్లెల్లో బస చేసే విద్యార్థులు, పొదలున్న గట్టు ఒకటి, మందు చల్లిన గట్టు ఒకటి ఎంచుకుని, వారానికొక ఉదయం కూతలు లెక్కించి, ఆ ఊరి వర్షపాతం పక్కన నమోదు చేస్తే చాలు. రానున్న ఖరీఫ్ నుంచే దీన్ని మొదలుపెట్టవచ్చు.