కవుల బిరుదు కాంట్రాక్టర్లకా?

బందరు రేవు పనులు 2023లో మొదలైనప్పటి నుంచి గూడూరు మీదుగా పోయే రోడ్డు పక్కన సెంటు ధర అడగాలంటేనే జంకు. ధరలతో పాటు ఫ్లెక్సీలూ పెరిగాయి. పొలం అమ్మించినవాడూ, లేఅవుటు వేసినవాడూ, ఎమ్మెల్యే పక్కన నిలబడి ఫొటో దిగినవాడూ ఇప్పుడు ‘మూవర్స్ అండ్ షేకర్స్’! ఊళ్లో ఇలాంటివారిని ‘చక్రం తిప్పేవాళ్లు’ అంటారు. అందులో కాస్త వెటకారం ఉంది. ఇంగ్లీషు మాటలో ఆ చురక లేదు కాబట్టే వారికి అంత ముద్దు.

తమాషా ఏమిటంటే, ఆ బిరుదు అసలు కవులది. ఆర్థర్ ఓషానెస్సీ అనే ఇంగ్లీషు కవి 1874లో వెలువరించిన సంపుటిలోని ‘ఓడ్’లో ఆ కితాబిచ్చింది పాటలు కట్టేవాళ్లకూ, కలలు కనేవాళ్లకూ. బ్రిటిష్ మ్యూజియంలో పాములనూ బల్లులనూ పరిశీలించే చిరుద్యోగి ఆయన. కాలక్రమంలో కవులను పక్కకు నెట్టేసి, మాటను మాత్రం ధనవంతులు పట్టుకుపోయారు.

ఓషానెస్సీ లెక్కన చూస్తే ఈ జిల్లాలో ఆ బిరుదు ఎవరికి చెల్లుతుంది? పొరుగునున్న మొవ్వ గోపాలుణ్ణి తంజావూరు కొలువు దాకా తీసుకెళ్లిన క్షేత్రయ్యకు. 1907 నుంచి కన్నుమూసేదాకా కృష్ణాపత్రిక సంపాదకుడిగా ఉన్న ముట్నూరి కృష్ణారావుకు. బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పాఠం చెబుతూనే విశ్వనాథ సత్యనారాయణ అంతటి శిష్యుణ్ణి తయారుచేసిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రికి. వీరెవరికీ ఫ్లెక్సీ లేదు, అది వేరే సంగతి.

డబ్బున్నవాళ్లు లోకాన్ని కదిలించరా అని ఎవరైనా అడగొచ్చు. డబ్బును కదిలించినవారూ ఇక్కడ ఉన్నారు. వైద్య వృత్తి వదిలి జాతీయోద్యమంలోకి దిగిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులోనే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఆయన ప్రస్తావన వచ్చింది కనుక ఇంకో కడుపుమంటా చెప్పుకోవాలి. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకును ముంబయి కేంద్రంగా ఉన్న యూనియన్ బ్యాంకులో కలిపేశారు. నూరేళ్ల పండుగకు మూడేళ్ల ముందు! పేరైనా ఉంచండని వినతులు వెళ్లాయి. ఇంతమంది ‘కదిలించేవాళ్లు’ ఉండీ, ఢిల్లీలో కాగితం కదల్లేదు.

పంట రుణానికి బయలుదేరే రైతులు మాత్రం ఇప్పటికీ ‘ఆంధ్రా బ్యాంకుకు వెళ్తున్నా’ అనే అంటున్నారు. ఆ అలవాటు మాన్పించేంత పలుకుబడి ఇంకా ఎవరికీ రాలేదు.