మూడు రోజులకో ఎత్తు

కుక్కరు మూడో కూత కూసేలోగా చదరంగంలో ఒక ఎత్తు వేసి రావచ్చంటే మా తోడికోడలు పకపకా నవ్వింది. "అది మగాళ్ళు అరుగుల మీద ఆడుకునే ఆట కదక్కా!" అంది. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను లెండి. మా అబ్బాయి సెలవుల్లో నేర్పాడు. వాడు చదువుకి ఊరెళ్ళిపోయాడు, ఆట నాకు మిగిలింది.

ఫోనులో మాకో క్లబ్బు ఉంది. భవనం లేదు, బల్లల్లేవు. జట్టు పోటీ ఎలా జరుగుతుందంటారా? మా కెప్టెన్ ఇంకో క్లబ్బుకి కబురు పెడతారు. జట్టుకి ఎందరు, ఎత్తుకి ఎన్ని రోజుల గడువు అన్నది ముందే రాసుకుంటారు. ఇష్టమున్నవాళ్ళు పేర్లిస్తారు. రేటింగు ఎక్కువున్నవారు ఒకటో బల్ల, తరవాతివారు రెండోది, అలా వరసగా. మా ఒకటో బల్ల వాళ్ళ ఒకటో బల్లతో ఆడుతుంది. ప్రతి జంటకీ ఒకేసారి రెండాటలు. ఒకదాంట్లో తెల్లపావులు, ఒకదాంట్లో నల్లవి. గెలిస్తే 1, డ్రా అయితే అర. పదిమంది జట్టుకి మొత్తం 20 పాయింట్లు, పదిన్నర వస్తే గెలుపు. పదో బల్ల మీద నేను తెచ్చే పాయింటుకీ, ఒకటో బల్ల వారు తెచ్చేదానికీ విలువ ఒక్కటే. నాకు నచ్చింది అదే.

పుస్తకాలు చూసుకోవచ్చు. కానీ కంప్యూటరుని అడిగి ఎత్తు వేస్తే దొంగతనమే. దొరికితే పేరు కొట్టేస్తారు.

2018 దసరాలకి పలాస దగ్గర మా పుట్టింటికెళ్ళాను. అప్పటికి పదో బల్ల మీద ఒక ఆటలో నాదే పైచేయి. ఎత్తుకి మూడు రోజుల గడువుంది కదా, నింపాదిగా వేద్దామనుకున్నాను. అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలమట్టం. కరెంటు లేదు, ఫోనుకి సిగ్నలు లేదు. నాలుగో రోజున కూడా నేను ఫోను పైకెత్తి పెరడంతా తిరుగుతుంటే మా అమ్మ, "తోటంతా పడిపోనాదని నానేడుస్తంటే నీకు బొమ్మలాటేటే?" అంది. సిగ్గుతో ఫోను కొంగులో దాచేశాను.

విజయనగరం తిరిగొచ్చి చూద్దును కదా, గడువు దాటి రెండాటలూ పోయాయి. జట్టు తొమ్మిదిన్నర, అవతలివాళ్ళు పదిన్నర. నేను గెలవాల్సిన ఆ ఒక్క ఆటా గెలిచుంటే లెక్క తిరగబడేది. కెప్టెన్‌గారి మాటలకి భయపడుతూ ఉత్తరాల పెట్టె తెరిచాను. "అమ్మా, ఇంట్లో అందరూ క్షేమమేనా?" అని ఒక్క ముక్కే ఉంది. అప్పుడొచ్చింది ఏడుపు.

ఇలాంటిది పెద్దవాళ్ళకీ తప్పలేదు. 2020లో కరోనా వల్ల ఒలింపియాడ్‌ని ఆన్‌లైన్‌లోనే జరిపారు. జట్టుకి ఆరు బల్లలు. అందులో ఇద్దరు స్త్రీలు, ఒక చిన్న అమ్మాయి ఉండి తీరాలి. మన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక ఆ జట్టులో ఉన్నారు. పోలండ్‌తో సెమీఫైనల్లో చివరి టైబ్రేక్ గెలిచి జట్టుని గట్టెక్కించింది హంపే. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్. మధ్యలో నెట్టు తెగి మనవాళ్ళిద్దరికి గడియారం అయిపోయింది. చివరికి ఫిడే రెండు దేశాలనీ విజేతలుగా ప్రకటించింది.

మా పోటీకి అలాంటి తీర్పేం రాలేదు. పైగా గడువు దాటించినవాళ్ళ శాతం లెక్క కడతారు. హద్దు మించితే కొన్నాళ్ళు జట్టులోకి రానివ్వరు. ఆ కొన్నాళ్ళూ ఆగి మళ్ళీ పేరిచ్చాను.

అందుకే చెల్లెళ్ళూ, ఆడదలచుకుంటే రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకేసారి నాలుగైదాటలు మించి ఒప్పుకోకండి. ఊరెళ్ళేముందు 'సెలవు' మీట నొక్కండి, గడియారం ఆగుతుంది. కొన్ని పోటీల్లో సెలవు చెల్లదు, ముందే అడిగి తెలుసుకోండి. ఓడిపోతే ఎవరూ ఏమీ అనరు. చెప్పకుండా మాయమైతేనే జట్టుకి కష్టం.

అన్నట్టు, ఈమధ్య అమ్మ ఫోను చేసినప్పుడల్లా ముందడిగేది ఒకటే. "ఏటే, మీ జట్టు గెలిసిందా?"